పుల్లలతో 25, పుస్తకంలో 35: ఏం చెయ్యాలి?

మూడో తరగతి టీచర్:

అందరికీ నమస్కారం. మూడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకోవాలని పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, గులకరాళ్ళు, గళ్ళ కాగితాలు అన్నీ పోగేసి పెట్టుకున్నాను. క్లాసు హుషారుగానే నడుస్తుంది. చిక్కంతా ఆ తర్వాత వస్తోంది.

నిన్న 52 - 27 ఇచ్చాను. పదేసి పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు తీసుకున్నారు. ఏడు తియ్యడానికి విడివి చాలక ఒక కట్ట విప్పారు. 25 మిగిలాయి. చక్కగా చేశారు. సరే, పుల్లలు లోపల పెట్టేసి అదే లెక్క నోటుబుక్కులో చెయ్యమన్నాను. సగం మందికి పైగా 35 వేశారు. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు, అంతే!

ఒక పాపని పిలిచి, "పుల్లలతో ఎంత వచ్చింది?" అన్నాను. 25 అంది. "పుస్తకంలో?" 35 అంది. "మరి ఏది కరెక్ట్?" అంటే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, "పుల్లల్లో అది, పుస్తకంలో ఇది టీచర్" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంత చేయించినా పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనికిరావడం లేదు? సిలబస్ టెన్షన్ ఒకపక్క, "క్లాసులో ఆడిస్తున్నారట" అని తల్లిదండ్రుల మాట ఇంకోపక్క. వచ్చే నెల భిన్నాలు, కొలతలు ఉన్నాయి. అక్కడా ఇలాగే అవుతుందేమోనని భయంగా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

ఇద్దరు పిల్లల నాన్న:

తప్పుగా అనుకోకండి టీచర్ గారూ. మా చిన్నప్పుడు పుల్లలూ లేవు, గులకరాళ్ళూ లేవు. ఎక్కాలు బట్టీ పట్టాం, రోజూ పలక నిండా తీసివేతలు చేశాం, వచ్చేశాయి. మా అబ్బాయి క్లాసులో కూడా ఈ యాక్టివిటీల గోల ఎక్కువే. ఇంటికొచ్చాక "ఈరోజు ఏం నేర్చుకున్నావురా?" అంటే "గులకరాళ్ళు" అంటాడు. గులకరాళ్ళతో ఏం నేర్చుకున్నాడో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. రోజుకి ఇరవై లెక్కలు చేయించి చూడండి, పదిరోజుల్లో దారికి వస్తారు.

సుద్దముక్క:

టీచర్ గారూ, ఆ పాప మీకు మొత్తం చెప్పేసింది. తన దృష్టిలో అవి రెండు వేర్వేరు పనులు. ఒకటి పుల్లల పని, ఇంకోటి అంకెల పని. ఒకదానికి ఇంకోదానితో సంబంధం ఉందని తనకి ఎవరూ చూపించలేదు. మీరు రాసిన వరస ఒకసారి చూడండి: పుల్లలతో చేశారు, *లోపల పెట్టేశారు*, తర్వాత పుస్తకం తీశారు. ఆ రెండూ ఒక్క నిమిషమైనా పక్కపక్కన లేవు.

నేను చాలా ఏళ్ళు ప్రైమరీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నా అభిప్రాయం ఒక్కటే. చేత్తో ఏది కదిపినా, ఆ కదిపిన క్షణంలోనే దానికి గుర్తు కాగితం మీద పడాలి. తర్వాత కాదు, అప్పుడే.

ఎలాగంటే, పిల్లల్ని జతలుగా కూర్చోబెట్టండి. ఒకరి చేతిలో పుల్లలు, ఇంకొకరి చేతిలో పెన్సిలు. ఒకటే నియమం. రాసేవాళ్ళు రాసేదాకా పుల్లలవాళ్ళు ముందుకి కదలకూడదు, పుల్లలు కదలనిదే రాసేవాళ్ళు ఏమీ రాయకూడదు. 52 - 27 తీసుకుంటే, చాప మీద ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. కాగితం మీద 52. కట్ట విప్పుతారు. "ఆగు" అంటుంది రాసే పిల్ల. ఇప్పుడు చాప మీద కట్టలెన్ని? నాలుగు. అయితే 5 కొట్టేసి పైన 4 రాస్తుంది. విడివి ఎన్ని? ఎంచి చూస్తే పన్నెండు. 2 కొట్టేసి పైన 12 రాస్తుంది. అప్పుడు ఏడు తీస్తారు, ఐదు మిగిలాయి, ఒకట్ల కింద 5. రెండు కట్టలు తీస్తారు, రెండు మిగిలాయి, పదుల కింద 2. తర్వాతి లెక్కకి చేతులు మార్చుకోవాలి.

ఇలా చేస్తే ఆ కొట్టివేతలు, పైన రాసే చిన్న అంకెలు ఎందుకొచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. ప్రతి గీత వెనకా ఒక కదలిక ఉంది. "పక్కింటి నుంచి ఒకటి తెచ్చుకో" అని మనం చెప్పే కథ కూడా అక్కర్లేదు. తెచ్చింది ఒకటి కాదు కదా, పది. పిల్లలకి అక్కడే తికమక.

ఇంకో సంగతి. మీ క్లాసులో కొంతమంది 52 పరిచి, పక్కన 27 కూడా పరుస్తున్నారేమో గమనించండి. చాలామంది పిల్లలు అలాగే చేస్తారు, ఎందుకంటే పుస్తకంలో రెండు సంఖ్యలూ కనిపిస్తాయి కాబట్టి. 27 పరచకూడదు. అది చాప మీద ఉండేది కాదు, 52లోంచి బయటికి వెళ్ళేది. ఇది అర్థమైతే 35 ఎలా పుట్టిందో వాళ్ళే పట్టుకుంటారు. ఆ పాపని పిలిచి, కోప్పడకుండా, "35 వచ్చేలా పుల్లలతో చేసి చూపించమ్మా" అని అడగండి. "ఏడులోంచి రెండు" అంటుంది. "ఏడు ఎక్కడున్నాయి?" అనండి. చాప మీద ఉన్న విడి పుల్లలు రెండే. ఇలా కాసేపు వెతుక్కోనివ్వండి, తొందరపడి మీరు నోరు తెరవకండి. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమందికి ఆ తప్పు వదిలింది ఇక్కడే. ఆ తర్వాత సరిచూసుకోవడం కూడా చెప్పవచ్చు: 35కి 27 కలిపితే 62, మన దగ్గర ఉన్నవి 52.

పుల్లల నుంచి అంకెలకి ఒక్కసారిగా దూకించకండి. మధ్యలో బొమ్మ ఉండాలి. కట్టకి ఒక నిలువు గీత, విడి పుల్లకి ఒక చుక్క. గీత కొట్టేసి పది చుక్కలు పెట్టడమంటే కట్ట విప్పినట్టే. జెరోమ్ బ్రూనర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1960లలో ఇదే చెప్పాడు. ముందు చేతలో, తర్వాత బొమ్మలో, ఆ తర్వాత గుర్తులో. సింగపూర్ వాళ్ళు 1980ల నుంచి తమ ప్రైమరీ లెక్కల పాఠాలకి ఈ వరసనే ఆధారంగా పెట్టుకున్నారు. మన దగ్గర బ్రూనర్ పేరు ట్రైనింగుల్లో బాగానే వినిపిస్తుంది, ఆ మధ్య మెట్టు మాత్రం క్లాసులో కనిపించదు.

వస్తువుల ఎంపిక కూడా ముఖ్యమే. పదికి ఎర్ర బిళ్ళ, ఒకటికి నీలం బిళ్ళ పెడుతుంటారు. ఎర్ర బిళ్ళలో పది ఎక్కడుంది? మనం ఉందన్నాం కాబట్టి ఉంది. చిన్నపిల్లలకి అది ఇంకో గుర్తే. కట్టలో అయితే నిజంగానే పది పుల్లలున్నాయి, విప్పితే కనిపిస్తాయి. డీన్స్ దిమ్మెలని చెక్కవో ప్లాస్టిక్‌వో వస్తాయి, పది గళ్ళ కడ్డీ, వంద గళ్ళ పలక. అవి మంచివే, కానీ కడ్డీ విరగదు, ఇచ్చేసి పది చిన్నవి మార్చుకోవాలి. అందుకని ముందు పుల్లలు, తర్వాత దిమ్మెలు, బిళ్ళలు అన్నిటికన్నా చివర. పది కట్టలు కలిపి ఒక పెద్ద కట్ట కడితే వంద. 302 - 148 లాంటి లెక్కలో పిల్లలు బిగుసుకుపోతారు చూడండి, పదుల దగ్గర సున్నా ఉందని. పుల్లలతో అయితే దారి ఒక్కటే. పెద్ద కట్ట విప్పితే పది చిన్న కట్టలు, అందులో ఒకటి విప్పితే పది పుల్లలు. పదుల దగ్గర తొమ్మిది ఎందుకు మిగిలిందో కళ్ళ ముందే ఉంటుంది.

(గోడకి తగిలించే రంగురంగుల థర్మోకోల్ నమూనాల గురించి నన్నడక్కండి. అవి తనిఖీకి వచ్చేవాళ్ళ కోసం. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయని మనమే అరుస్తాం.)

నాన్నగారూ, మీ మాటలో ఒక సగం నేనూ ఒప్పుకుంటాను. మీ అబ్బాయి "గులకరాళ్ళు" అన్నాడంటే అక్కడ లెక్క జరగలేదు, గులకరాళ్ళే జరిగాయి. సాధన కూడా కావాల్సిందే. కానీ ఇప్పుడు ఈ పిల్లలకి రోజుకి ఇరవై ఇస్తే, ఇరవై సార్లు 35 లాంటి జవాబే వేస్తారు, అది ఇంకా గట్టిపడుతుంది. ఎక్కాలూ అంతే. ఏడెనిమిదులు గుర్తురాకపోతే బిక్కమొహం వెయ్యడం కాకుండా, ఏడు వరసల్లో ఎనిమిదేసి చుక్కలు ఊహించుకుని, ఐదు వరసలు నలభై, రెండు వరసలు పదహారు, మొత్తం యాభై ఆరు అని కట్టుకోగలగాలి. అప్పుడు బట్టీ పట్టించండి, హాయిగా నిలుస్తుంది.

మూడో తరగతి టీచర్:

మేడమ్, చాలా థాంక్స్. ఇద్దరు ముగ్గురు నిజంగానే 27 కూడా పరిచారు, నేను చూసి "సరే" అనుకుని వెళ్ళిపోయాను. రేపే జతలుగా చేయిస్తాను. భిన్నాలూ కొలతల గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. కాగితం మడత పెట్టడం తప్ప నాకు వేరే ఏదీ తట్టడం లేదు.

గళ్ళకాగితం:

నేను నాలుగు, ఐదు తరగతులకి చెబుతాను. భిన్నాలకి కాగితం మడతే చాలు, వేరే ఏమీ వెతకొద్దు. కాకపోతే గుండ్రటి కాగితం వద్దు, పొడుగు పట్టీలు తీసుకోండి. గుండ్రటిదాన్ని మూడు సమాన భాగాలు చెయ్యడం పెద్దవాళ్ళకే కష్టం. పట్టీ పొడవు సరిగ్గా 12 సెంటీమీటర్లు ఉండేలా కత్తిరించండి. సగం 6, మూడోవంతు 4, పావు 3, ఆరోవంతు 2. అన్నీ స్కేలు మీద పూర్తి అంకెల దగ్గరే పడతాయి, కాబట్టి మడత సరిగ్గా రాని పిల్లలు కొలిచి గీత పెట్టుకోవచ్చు.

అందరి పట్టీలూ ఒకే పొడవు ఉండాలి. ఒకరిది పొడుగు, ఒకరిది పొట్టి అయితే, ఒకరి పావు ఇంకొకరి సగం కన్నా పెద్దదైపోయి గొడవ మొదలవుతుంది. (ఆ గొడవ ఒకసారి కావాలనే పెట్టించడం కూడా మంచిదే. "దేంట్లో సగం?" అనే ప్రశ్న అప్పుడే పుడుతుంది.) నాలుగు మూడు కన్నా పెద్దది కాబట్టి పావు మూడోవంతు కన్నా పెద్దదనే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. పట్టీలు ఒకదాని కింద ఒకటి పెట్టి ఒక్కొక్క ముక్కకి రంగు వేయించండి. సుద్దముక్క మేడమ్ చెప్పినట్టు, రంగు వేసిన వెంటనే ఆ ముక్క మీదే 1/3, 1/4 అని రాయించాలి. తర్వాత అవే పట్టీలు 0 నుంచి 1 దాకా గీసిన గీత మీద పెట్టించండి. లేకపోతే భిన్నమంటే ముక్క అనే అనుకుంటారు, అదీ ఒక సంఖ్యే అని తోచదు.

కొలతల్లో నాకు ఇష్టమైనది విరిగిన స్కేలు. సున్నా ఉన్న చివర విరిగిపోయిన స్కేళ్ళు ప్రతి బడిలో ఉంటాయి, పారెయ్యకండి. లేకపోతే పెన్సిలు మొదలు 3 దగ్గర పెట్టి, చివర 8 దగ్గరికి వచ్చేలా ఉంచి, పొడవు ఎంతని అడగండి. కొందరు 8 అంటారు, చివరి అంకె చూసి. ఇంకొందరు 6 అంటారు: మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది అని గీతల్ని ఎంచి. 5 అనేవాళ్ళు తక్కువ. గీతల్ని కాదు, గీతల మధ్య ఖాళీల్ని ఎంచాలని చెప్పడానికి నేనైతే ఒక సెంటీమీటరు వెడల్పున్న కాగితం ముక్కలు కత్తిరించి ఆ ఖాళీల్లో పేర్పిస్తాను. ఐదే పడతాయి.

ఇంకోటి, నాలుగో తరగతి దాకా ఆగక్కర్లేదనుకుంటే ఇప్పుడే చేయించండి. 24 సెంటీమీటర్ల దారం రెండు కొసలూ ముడివేసి, సెంటీమీటరు గళ్ళ కాగితం మీద దీర్ఘచతురస్రాలు చేయించడం. ముడికి పోయే దారం అదనంగా వదులుకోండి, లేకపోతే లెక్క కుదరదు. ముందు అడగండి: "దారం అదే కదా, ఆకారం మార్చితే లోపల గళ్ళు మారతాయా?" మారవు అంటారు, దాదాపు అందరూ. చేసి చూస్తే, వెడల్పు 1 అయితే పొడవు 11, లోపల 11 గళ్ళే. 2కి 10 అయితే 20. 3కి 9 అయితే 27. తర్వాత 32, 35. 6కి 6 దగ్గర 36. ఒక పిల్లాడు పట్టిక చూసి, ఏమీ చెప్పకుండానే, "పెరగడం తగ్గుతోంది సార్" అన్నాడు. 9 పెరిగింది, తర్వాత 7, 5, 3, 1. ఆ పీరియడ్‌లో నేను అనుకున్న పాఠం అది కాదు, అయినా దాని వెంటే వెళ్ళాం.

ఇద్దరు పిల్లల నాన్న:

ఈ దారం సంగతి మా వాడితో చేయించాను. 11 గళ్ళే వచ్చేసరికి మళ్ళీ ఎంచాడు. బాగుంది. ఇంట్లో చేయించదగ్గవి ఇంకేమైనా ఉంటే చెప్పండి, పుల్లలూ అవీ పోగెయ్యకుండా.

సుద్దముక్క:

ఇంట్లో గడియారం చాలండీ. బడి లెక్కకి, బతుకు లెక్కకి మధ్య ఎంత ఎడం ఉందో చూడాలంటే దానికి మించినది లేదు. 10:45కి మొదలుపెట్టిన పని 11:20కి అయింది, ఎంతసేపు పట్టిందని అడగండి. కాగితం ఇస్తే 1120లోంచి 1045 తీసి 75 నిమిషాలు అంటారు. గంటకి అరవై నిమిషాలే కదా, అక్కడ వంద ఎక్కడిది? ఒక గీత గీయించండి. 10:45 నుంచి 11 దాకా ఒక గెంతు, పదిహేను. 11 నుంచి 11:20 దాకా ఇంకో గెంతు, ఇరవై. ముప్పై ఐదు. కానీ లెక్క కోసం లెక్క అడగకండి. "బస్సుకి ఇంకా ఎంతసేపుంది?" అని నిజంగా అవసరమైనప్పుడు అడగండి. పిల్లలకి తేడా తెలిసిపోతుంది.

పుస్తకాల్లో "నిజజీవిత సమస్యలు" అని ఉంటాయి చూడండి, వాటిల్లో చాలా వాటికి జీవితంతో పనిలేదు, అంకెలకి బట్టలు తొడిగినట్టుంటాయి. నిజమైనది అయితే జవాబు సందర్భాన్ని బట్టి మారాలి. 38 మంది పిల్లలు, బెంచీకి నలుగురు, ఎన్ని బెంచీలు కావాలి? పది. 38 సెంటీమీటర్ల టేపులోంచి 4 సెంటీమీటర్ల ముక్కలు ఎన్ని వస్తాయి? తొమ్మిది. భాగహారం ఒక్కటే, 9 వచ్చి 2 శేషం. ఆ శేషాన్ని ఏం చెయ్యాలో మాత్రం బెంచీలు ఒకటి చెబుతాయి, టేపు ఇంకోటి చెబుతుంది. "తొమ్మిది బెంచీలు, ఇద్దరు శేషం" అని రాసి రెండు గీతలు గీసేసే పిల్లల్ని నిజంగానే లేపి బెంచీల దగ్గరికి పంపండి. మిగిలిన ఇద్దరూ నిలబడి ఉంటారు.

మూడో తరగతి టీచర్:

జతలుగా చేయించాను. గోల మామూలుగా లేదు, కానీ "ఆగు, నేనింకా రాయలేదు" అనే గోల. మేడమ్ చెప్పినట్టే ఆ పాపని "ఏడు ఎక్కడున్నాయి?" అని అడిగాను. చాప అంతా చూసి, కట్ట తీసి తనే విప్పింది, ఏమీ అనలేదు. నోటుబుక్కులో 35 కొట్టేసి 25 వేసుకుంది.

ఇంకొక్క సందేహం. పుల్లలు ఎప్పుడు మాన్పించాలి? కొంతమంది 40 - 10కి కూడా కట్టలు అడుగుతున్నారు.

సుద్దముక్క:

మీరు మాన్పించకండి. పెట్టె క్లాసులో ఒక మూల పెట్టండి, కావాల్సినవాళ్ళు లేచి వెళ్ళి తెచ్చుకోవాలి. లేచి వెళ్ళడం బద్ధకమై చాలామంది బొమ్మకి, అంకెలకి వాళ్ళంతట వాళ్ళే వచ్చేస్తారు. 40 - 10కి కట్టలు అడిగేవాళ్ళని ముందు ఎంత మిగులుతుందో చెప్పి, తర్వాత చేసి సరిచూసుకోమనండి.

తెలిసిందో లేదో చూడటానికి ఒక పని ఉంది, పది నిమిషాలు చాలు. బోర్డు మీద కొన్ని తీసివేతలు రాసి, చెయ్యొద్దనండి. కట్ట విప్పాల్సినవి ఏవి, అక్కర్లేనివి ఏవి, రెండు వరసలుగా వేరు చెయ్యమనండి, అంతే. 64 - 31, 81 - 58, 95 - 72, 43 - 39 అలా కలిపి ఇవ్వండి. ఇది చూసి వేరు చెయ్యగలిగినవాళ్ళకి పుల్లల పని తీరిపోయినట్టే. వేరు చెయ్యలేనివాళ్ళు జవాబులు కరెక్టుగా వేస్తున్నా సరే, ఇంకొన్నాళ్ళు చాప మీదే కూర్చోబెట్టండి. అందులో 90 - 47 తప్పకుండా పెట్టండి. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడే ఉంటుందని 57 వేసేవాళ్ళు అక్కడ బయటపడతారు.